పై గీత మీద రెండు వేళ్ళు

కారుకు తిండి ఎక్కువై జబ్బు చేయడం మీరెక్కడైనా విన్నారా? నేను విన్నాను, చూశాను, నా చేతులతో నేనే చేశాను. ఢిల్లీ కంటోన్మెంటులో ఒక ఉదయం మా క్వార్టర్ల వీధినంతా పొగలో ముంచి, మామగారి కళ్ళెదుట నా పరువును నేనే వీధిన పడేసుకున్న కథ ఇది. నవ్వుకోండి. నాకే నవ్వొస్తున్నప్పుడు మిమ్మల్ని వద్దనడం అన్యాయం.

తొంభైల నడుమ సంగతి. మావారు సైన్యంలో పనిచేసేవారు. ఒక ఆఫీసరుగారు బదిలీ మీద వెళ్తూ అమ్మేసిన పాత తెల్ల కారును ముచ్చటపడి కొన్నారు. కొన్న మూడో నెలకే ఆయన్ను సరిహద్దుకు పంపేశారు. ఈలోపు నేను డ్రైవింగు నేర్చుకున్నాను. తెనాలి దాటి ఎరగని దాన్ని, సబ్జీమండీకి, ఆస్పత్రికి నేనే నడుపుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక నాకంటూ దక్కిన మొదటి స్వేచ్ఛ ఆ కారు తాళమే.

ఇంతలో మామగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అబ్బాయి లేనప్పుడు ఆ బండి అక్కడెందుకు? వచ్చి చూస్తాను. కోడలికి దాన్ని చూసుకోవడం చేతకాకపోతే అమ్మేద్దాం." మా మామగారు ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంజను దగ్గితే జలుబో, క్షయో చెప్పగలరని చుట్టాల్లో పేరు.

కారు పోతే మళ్ళీ ఉల్లిపాయల నుంచి ఊరి ప్రయాణం దాకా పక్కింటి చౌహాన్ దీదీని బతిమాలుకోవాలి. అందుకని ఆయన వచ్చే ముందురోజు కారును తళతళా కడిగాను. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. "ఇంజనాయిలు కూడా నేనే మార్చాను మామయ్యగారూ" అని చెబితే ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అక్కడే శని పట్టింది.

ఆయిల్ డబ్బాలు అమ్మే సర్దార్జీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "తీన్ లీటర్, బేటీ. ఊపర్‌వాలీ లైన్ తక్. బస్."

మావారు మార్చినప్పుడు పక్కన నిలబడి చూసిన అనుభవం ఉంది కదా! పాత పేపర్లు పరిచి, కారు కిందికి దూరి, అడుగున బోల్టు విప్పి, నల్లటి ఆయిలు బేసినులోకి దింపాను. బోల్టు బిగించి కొత్తది పోశాను. మూడు లీటర్లు పోసి, ఆయిలు కొలిచే పుల్లను తుడిచి ముంచి చూస్తే సరిగ్గా పై గీత దగ్గర ఆగింది. సర్దార్జీ మాట ప్రకారం పని అయిపోయింది.

కానీ నేను పెరిగింది సర్దార్జీ ఇంట్లో కాదే! ఏటా ఆవకాయ పెట్టే ఇంట్లో. జాడీలో ముక్క మునిగి, పైన రెండు వేళ్ళ మందం నూనె తేలకపోతే మా అమ్మ ఊరుకునేది కాదు. "నూనె దగ్గర పీనాసితనం చేస్తే బూజు పడుతుందే" అనేది. పచ్చడికే అంత ఉంటే, పాపం, నిప్పులు కక్కుతూ తిరిగే ఇంజనుకు ఎంత ఉండాలి? గీతకు తగిలీ తగలనట్టు పోస్తారా ఎవరైనా? అధికస్య అధికం ఫలమన్నారు పెద్దలు. ఇంకో లీటరున్నర ఒంపేశాను. ఈసారి పుల్ల తీసి చూస్తే గీత మీద సరిగ్గా రెండు వేళ్ళు! మా అమ్మ చూస్తే మురిసిపోయేది.

మర్నాడు పొద్దున్నే స్టేషనుకు వెళ్ళాను. కారు కాస్త బద్ధకంగా కదిలింది. పొద్దుటి చల్లదనానికి కాబోలనుకున్నాను. మామగారు దిగారు, గొడుగు పట్టుకుని. పక్క సీట్లో కూర్చుని, ధౌలా కువాఁ దాటేదాకా వాసన పీలుస్తూనే ఉన్నారు.

"ఏదో మాడుతున్న వాసనమ్మాయ్."

"ఢిల్లీ వాసనే అంత మామయ్యగారూ."

"ముందు లారీ కూడా లేదే?"

"వెనకాల ఉందేమోనండీ."

ఆయన తల తిప్పి చూశారు. "వెనకాల ఏముందో కనపడితేగా!"

నేను అద్దంలో చూశాను. రోడ్డు లేదు. ఢిల్లీ లేదు. నీలంగా పొగ, అందులోంచి హారన్లు. సిగ్నలు దగ్గర ఒక స్కూటరాయన దగ్గుతూ వచ్చి, బండికి నిప్పంటుకుందా అంటూ అద్దం మీద కొట్టాడు. "మేడమ్, గాడీ మే ఆగ్ లగీ హై క్యా?"

"ఏమంటున్నాడమ్మా?" హిందీ రాని మామగారు అడిగారు.

"మీకు నమస్కారం చెబుతున్నాడండీ."

మామగారు స్కూటరాయనకు వంగి నమస్కారం పెట్టారు.

మా వీధి మలుపు తిరిగాక అసలు వైభవం మొదలైంది. వానలు తగ్గిన ఆ రోజుల్లో దోమల పొగబండి వారానికోసారి వచ్చేది. అది రాగానే పొగ లోపలికి పోయి దోమలు చావాలని కిటికీలు తెరిచి, వంటలమీద మూతలు పెట్టుకోవడం మా వీధి ఆనవాయితీ. మమ్మల్ని చూడగానే ఇంటింటా కిటికీలు తెరుచుకున్నాయి. పిల్లలు కేరింతలు కొడుతూ పొగలోకి దూకి మా వెంట పరుగెత్తారు.

"ఈ పిల్లలంతా ఎవరమ్మా?"

"మీరొస్తున్నారని చెప్పానండీ."

"ఎంత మర్యాద!" ఆయన చెయ్యి ఊపారు.

చౌహాన్ దీదీ గరిటెతో గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. "భయ్యా, పిఛ్‌లీ గలీ మే భీ మార్ దేనా! ఉధర్ బహుత్ మచ్ఛర్ హై!" అని, దోమలెక్కువున్న వెనక సందులోనూ పొగ కొట్టమని అరిచింది. పొగ కాస్త విడిపోయి డ్రైవరు సీట్లో నేను కనపడేసరికి దీదీ గరిటె జారిపోయింది. సరిగ్గా అప్పుడే కారు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి మా గుమ్మం ముందు ప్రాణం విడిచింది.

మామగారు దిగి, బానెట్ ఎత్తి, పుల్ల తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ ముంచి తీశారు. నా కారు తాళం చేజారిపోతున్నట్టే అనిపించింది.

"ఆయిలు ఎవరు మార్చారు?"

"నేనేనండీ."

"గీత దాకా పోస్తే చాలని చెప్పలేదా ఎవరూ?"

"చెప్పారండీ. కానీ... పైన రెండు వేళ్ళు తేలకపోతే బూజు పడుతుందేమోనని..."

"ఇంజనుకు బూజా?"

"ఆవకాయకు పడుతుంది కదండీ!"

వీధిలో అందరూ చూస్తుండగా మామగారు బంపరు పట్టుకుని కిందికి కూర్చుండిపోయారు. గుండెపోటేమోనని హడలిపోయాను. కాదు, నవ్వు! కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. "పిచ్చితల్లీ, లోపల క్రాంకని ఒక ఇరుసు గిర్రున తిరుగుతుంటుంది. ఆయిలు దాన్ని తాకిందంటే కవ్వంతో చిలికినట్టు నురగైపోతుంది. అది పైకెక్కి కాలితే ఇదిగో, ఊరికి ధూపం."

చొక్కా విప్పి, ఆయనే కారు కిందికి దూరారు. ఎక్కువైనదంతా దింపి, నూనెలో మునిగిన ప్లగ్గులు తుడిచి, ఫిల్టరు మార్పించి, సాయంత్రానికి కారును బతికించారు. అమ్మకం మాట మాత్రం ఎత్తలేదు. అమ్మేస్తారో లేదో తేలక నేను అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు మావారికి ఉత్తరం రాసి, పోస్టు చెయ్యమని నా చేతికిచ్చారు. కవరు అంటించలేదు. చదవడం తప్పేనని తెలుసు. అయినా చదివాను. "చిరంజీవికి ఆశీస్సులు. బండి అమ్మవద్దు. చేతకాదని కాదు గానీ, కోడలికి ప్రేమ ఎక్కువ. దాని చేతిలో ఏదీ పస్తుండి చావదు. తిని చస్తే చెప్పలేను. నేనింకో నెల ఉండి, గీత చూడటం నేర్పి వస్తాను."

ఆ నెల రోజులూ ఆయన నేర్పారు, నేను నేర్చుకున్నాను. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గీత దాటిన పాపానికి సీతమ్మవారే అన్ని కష్టాలు పడ్డారు గనుక, ఇక నా జీవితంలో ఏ ఇంజనుకూ గీత దాటి చుక్క కూడా పొయ్యను. మా వీధిలో దోమలు ఎంత బతిమాలినా సరే!