అరుగు కింద చదివిన పుస్తకం

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే తెలిసింది, పంతులుగారు పోయారని. నా పుస్తకం దిద్దినాయన. కోయిలకుంట్లలో పిల్లలకు తెలుగు చెప్పి చెప్పి రిటైరైన పెద్దమనిషి. నేను మిషను బడిలో టీచరును, ఊరి బయట మాలపేట క్రైస్తవురాలిని.

పండితుడెవరైనా దిద్దితేనే అచ్చు వేస్తామన్నారు ప్రెస్సువాళ్ళు. మా అమ్మ గురించి నేను రాసుకున్న కాగితాలు దిద్దడానికి ఊళ్ళో ఆయన ఒక్కరే ఒప్పుకున్నారు. కూలి రూపాయలు మెట్టు మీద పెడితే, నీళ్ళు చల్లి తీసుకునేవారు. కాగితాల మీద నీళ్ళు చల్లితే సిరా చెదిరిపోతుంది కదా. అందుకని ఆయన అరుగు మీద కూర్చునేవారు, నేను వీధిలో నిలబడి చదివి, ఆయన చెప్పిన దిద్దుబాట్లు రాసుకునేదాన్ని. పైగా ఆయనకు చెవుడు. మా ఇంటి సంగతులన్నీ వీధికంతా వినబడేలా అరవాలి. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మానేద్దామంటే వేరే దిక్కు లేదు.

"నువ్వు ఊపిరి తీసుకున్న కాడ వాక్యం ఆపమ్మా. ఎండలో నిలబడి చదవలేనంత పొడుగు ఎందుకు?" అనేవారు. నా వాక్యాలు పొట్టివైంది అక్కడే. మంచి మాట తగిలితే తొడ మీద మెల్లగా తట్టేవారు. ఆ తట్టడం కోసమే ఎండను ఓర్చుకున్నాను.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "అరుగు మీద నీడ ఉండాది గదా అయ్యా?" అని.

"ఉండాదమ్మా. నువ్వు ఎక్కితే నేను దిగాల. దిగి యాడికి పోదును?" అన్నారు. నేను ఆపిన వాక్యం దగ్గర నుంచి మళ్ళీ చదివాను.

చివరికి బావి అధ్యాయం వచ్చింది. కరువులో మా అమ్మ ఇదే వీధి బావి దగ్గర, ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని పొద్దంతా కూర్చుని ఖాళీ కడవతో తిరిగొచ్చిన సంగతి. తీసెయ్యమంటారని నా భయం. అది లేకపోతే నాకు ఆ పుస్తకమే వద్దు. చదివాను. ఎదురింటి తలుపు మూసుకుంది. లోపలి నుంచి ఆయన భార్య, "ఇంక చాలు, లోపలికి రాండి" అంది.

"నాకు ఇనపళ్లేదమ్మా. ఇంకోసారి గట్టిగా చదువు," అన్నారు పంతులుగారు. ఆయన చెయ్యి మాత్రం అప్పటికే తొడ మీద తడుతూ ఉంది. మళ్ళీ చదివాను.

"ఇందులో నేను దిద్దేది ఏమీ లేదు. ఇట్లే అచ్చుకు పోనీ," అన్నారు.

మరునాడు మిగిలిన కూలి మెట్టు మీద పెడితే, ఎప్పటిలాగే నీళ్ళు చల్లి తీసుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అది దాచిపెట్టి రాస్తే ఆయనే ఒప్పుకోరు. నా పుస్తకం వెలుగు చూసిందీ ఆయన చలవతోనే.

కబురు వినగానే వెళ్ళి ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. ఆయన్ని అరుగు మీది నుంచి దించి తెస్తున్నారు. పాడెకు చోటు చూస్తూ ఎవరో "జరగమ్మా" అన్నారు. జరిగాను. నేను నిలబడి చదివిన చోటే, ఎండలో, ఆయన్ని పడుకోబెట్టారు.