గుడి పడమర, వీధి పడమర

దీపావళి మర్నాడు, మంగళవారం, పేపరు లోపలి పేజీలో ఏడు వరుసల వార్త చూశాను. ఒక తోకచుక్క సాయంత్రంపూట వాయవ్య దిక్కున ఉందని, మామూలు కంటికి ఆనదని, బైనాక్యులర్ ఉంటే స్వాతి నక్షత్రానికి పైన వెతకమని అందులో ఉంది. స్వాతి కొంచెం ఎర్రగా ఉంటుందని కూడా రాశారు. నా దగ్గర బైనాక్యులర్ ఉంది. టెక్కలిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన ఏడాది, తేలినీలాపురం వచ్చే పక్షులను లెక్కపెట్టడానికి కొన్నాను.

వార్త కత్తిరించి పక్కింటికి తీసుకెళ్ళాను. పక్కిల్లు మా తోటికోడలిది. రెండిళ్ళకూ మధ్యగోడ ఒకటే. ఆమె నాకంటే పదహారేళ్ళు చిన్నది. సోమ, బుధ, శుక్రవారాలు పలాసలో డయాలసిస్. ఆ రోజుల్లో ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. తోకచుక్క ఏడు దాటితే దిగిపోతుంది. అష్టమి వచ్చేసరికి వెన్నెలలో మసక వస్తువులు కనపడవు. ఈలోపు ఆమెకు వీలయ్యే సాయంత్రాలు లెక్కవేస్తే ఐదు వచ్చాయి. మబ్బులకు రెండు తీసేస్తే మూడు.

"ఏటక్కా, ఈ వయసులో సుక్కలు సూత్తావా?" అంది.

"నేను చూడ్డానికి కాదు. నీకు చూపించడానికి."

కాగితం ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "అప్పుడు సూడనిచ్చినారు కాదు గదా" అంది.

అప్పుడు అంటే పంతొమ్మిది వందల తొంభై ఏడు, మార్చి, ఏప్రిల్ నెలలు. అప్పుడొచ్చిన తోకచుక్కకు బైనాక్యులర్ అక్కర్లేదు. చీకటి పడగానే మా వీధి చివర, స్టేషన్ వైపు, తోకతో సహా కనిపించేది. ఆమెకు అప్పుడు ఏడో నెల. గర్భిణి తోకచుక్కను చూస్తే బిడ్డకు అరిష్టమని మా అత్తగారు ఆమెను సాయంత్రాలు వడ్లగదిలో కూర్చోబెట్టేవారు. దానికి కిటికీ లేదు. మామగారు పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇంట్లో అత్తగారి మాటే మాట. ఆమె లోపలికి వెళ్ళాక బయట గడియ పడేది. రోజుకు గంటన్నర, పంతొమ్మిది రోజులు. మొత్తం ఇరవై ఎనిమిదిన్నర గంటలు.

గడియ వేసింది అత్తగారేనని ఆమె నమ్ముతోందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. వేసింది నేను. అత్తగారు చెప్పారు, నేను వేశాను. అదంతా వట్టి మాటని తెలిసే వేశాను. పగలు బళ్ళో, సైన్సు టీచరు రాని పూట, బంతి, నిమ్మకాయ పట్టుకుని గ్రహణం ఎలా పడుతుందో చెప్పేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి వాదించే ఓపిక ఉండేది కాదు. గడియ వేసి, వాకిట్లోకి వచ్చి, అందరితోపాటు తోకచుక్కను చూసేదాన్ని. తర్వాత నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ కడుపున పుట్టినవాడు ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. తల్లిని డయాలసిస్‌కి తీసుకెళ్ళేది వాడే.

మంగళవారం ఆరుంబావుకు ఇద్దరం డాబా ఎక్కాం. మెట్లు పద్నాలుగు. ఆమె రెండుసార్లు ఆగింది. మా ఊళ్ళో దిక్కులకు ఎవరూ తడుముకోరు. సముద్రం తూర్పు, స్టేషన్ పడమర, వీధి ఆ రెంటి మధ్య సూటిగా ఉంటుంది. వీధి పడమరకు ముఖం పెట్టి కుడిచేతి వైపు సగం తిరిగితే వాయవ్యం. అలాగే తిరిగాను. అక్కడ కొంచెం ఎర్రటి చుక్క ఒకటి ఉంది. స్వాతి అదే అనుకుని, దాని పైన వరుసలు వరుసలుగా వెతికాను. ఏమీ లేదు.

"దానికి ఇయాల డయాలసిసేటి?" అంది ఆమె.

బుధవారం ఒక్కదాన్నే ఎక్కి వెతికాను. లేదు. గురువారం మళ్ళీ ఇద్దరం ఎక్కాం. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఎర్రచుక్క ఉన్నచోటే ఉంది. తోకచుక్క మాత్రం లేదు.

"నువ్వు పిల్లలకి లెక్కలు సెప్పినావు గానీ సుక్కలు సెప్పనేదు గదక్కా. ఇంక దాన్నొగ్గీ" అని ఆమె మెట్లు దిగిపోయింది. ఐదు సాయంత్రాల్లో రెండు అయిపోయాయి.

శనివారం నాగులచవితి. పుట్ట శివాలయం వెనక ఉంది. మా శివాలయం వీధికి ఏటవాలుగా ఉంటుంది. కట్టిన మేస్త్రీ కల్లు తాగి పునాది గీశాడని ఊరంతా నవ్వుకుంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ మాట నేనూ నమ్మాను. తర్వాత నేనూ నలుగురికి చెప్పాను. ఆ రోజు పుట్ట దగ్గర రద్దీలో నా వంతు వచ్చి, పాలు పోసి బయటపడేసరికి పదకొండు దాటింది. ధ్వజస్తంభం గట్టు మీద కూర్చున్నాను. స్తంభం నీడ నా కాళ్ళ పక్కనుంచి పోతోంది. అది అంతకంతకూ గుడి గడపకు సమాంతరంగా జరగడం చూసి లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. పదకొండు ముప్పయ్యారుకు నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంది. అప్పుడది గడపకు సరిగ్గా సమాంతరంగా ఉంది.

ఈ రోజుల్లో మిట్టమధ్యాహ్నపు నీడ మా దగ్గర ఉత్తరానికే పడుతుంది. కాబట్టి గడప ఉత్తర దక్షిణాలుగా ఉంది, గుడి కచ్చితంగా తూర్పు ముఖానికే ఉంది. వంకర ఉన్నది వీధి. మా తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా పోతుంది. సముద్రం మాకు ఆగ్నేయాన ఉంది. మేము పడమర అంటున్నదే వాయవ్యం. అక్కడినుంచి నేను మళ్ళీ వాయవ్యానికి తిరిగి, మూడు సాయంత్రాలు ఉత్తరాన్ని వెతికాను. బళ్ళో మ్యాపు మీద ఆ తీరం గీతను ముప్పై ఏళ్ళు చూశాను. దాన్ని మా వీధితో కలిపి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం ఐదున్నరకు గుడి పక్కన కళ్ళంలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. మెట్ల బాధ లేదు. ఒక దాంట్లో ఆమె కూర్చుంది. సూదులు గుచ్చే ఎడమచేతి మీద బరువు పడకూడదు కనుక, రెండో కుర్చీని ఆమె ముందు పెట్టి దాని వీపు మీద తువ్వాలు మడిచి వేశాను, బైనాక్యులర్ ఆనించడానికి.

"గుడి వంకర కాదంటావా?"

"కాదు. మనమే వంకర."

"ఆ మేస్త్రీ ఏ లోకాన ఉన్నాడో. ఊరికే తాగుబోతుని సేసినాం."

ఆరు కాకముందే గుడి పడమరకూ వీధి చివరకూ మధ్య, తాటిచెట్ల మీద, స్వాతి కనిపించింది. ఆ మూడు రోజులూ నేను చూసిన చుక్క దీని ముందు ఏపాటిదీ కాదు. ఆరూ పదికి స్వాతి తాటాకుల వెనక్కి దిగుతుండగా, దానికి పిడికిలిన్నర పైన, కాస్త ఎడమగా, బూడిదరంగు మచ్చ దొరికింది. అంచులు లేవు. తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. మచ్చకు సూటిగా కింద ఉన్న తాటిచెట్టును గుర్తు చెప్పి బైనాక్యులర్ ఆమెకిచ్చాను.

"నేదక్కా... నేదు... ఇదేనేటి? ఇబూది ఊదినట్టుగుంది."

"అదే."

"దీనికా అత్త నన్ను వడ్లగదిలో కూకోబెట్టినాది?"

"అది వేరు. అది పెద్దది."

"పెద్దదని నువ్వు సెప్పాల, నాను ఇనాల."

ఆమె కళ్ళు అద్దాలకే ఆనించి ఉన్నాయి. కాసేపటికి అలాగే అంది:

"గడియేసింది నువ్వే గదక్కా."

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాల? గడియ పడ్డప్పుడల్లా గాజులు సప్పుడైనాయి. అత్తకి గాజులేవి?"

ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే ఏటి సేత్తావు, ఎల్లిపోన తోకసుక్కని మల్లీ పిలుత్తావా? ఇయాల సూపించినావు, అయిపోనాది. అడ్డం లెగు, కనపడ్డం నేదు."

పక్కకు జరిగాను. ఆమె పదకొండు నిమిషాలు చూసింది. తర్వాత మెడ నొప్పి పుడుతోందని బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకుంది. ఆరున్నరకు ఇంటికి వచ్చేశాం.

ఆదివారం పొద్దున్నుంచీ సముద్రం వైపునుంచి మబ్బు పట్టింది. తొంభై ఏడు నాటి నోటుపుస్తకం తీశాను. పంతొమ్మిది సాయంత్రాలకు పంతొమ్మిది నమోదులు, నా చేతిరాతే. ప్రతిదాంట్లోనూ దిక్కు దగ్గర పడమర అని ఉంది. కొట్టేసి వాయవ్యం అని రాశాను. దాని కింద, చూసినవారు అన్నచోట, పంతొమ్మిదింటిలోనూ ఇంట్లో అందరూ అని ఉంది. ప్రతిచోటా పక్కన ఒకరు తప్ప అని చేర్చాను. నలభై నిమిషాలు పట్టింది. ఆఖరి నమోదు అడుగున, గడియ వేసింది నేనని రాసి, ఆ ఆదివారం తేదీ వేశాను.