ఆ పాప అమ్మ అన్నది అవ్వను

మొన్న బస్సు పూతలపట్టు దాటాక వెనక సీటులోంచి ఒక పసిగొంతు "అక్కా, నీళ్లియ్యి" అన్నది. తిరిగి చూస్తే ఆ పిల్ల అడిగింది కన్నతల్లిని. మా వైపు ఉమ్మడి ఇళ్లలో ఇది మామూలే. పిన్నమ్మలూ మామలూ అక్కా అని పిలుస్తుంటే పిల్లలకూ అదే అలవాటవుతుంది. పెంచిన అవ్వ అమ్మ అవుతుంది. తెలిసిన సంగతే అయినా, చిత్తూరులో దిగేదాకా మునెమ్మే గుర్తొస్తూ ఉంది.

తొంభైల చివర నేను చిత్తూరులో ఒక కోర్టులో కొత్తగా చేరిన టైపిస్టును. మునెమ్మ అక్కడ అటెండరు. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. నేను తల ఎత్తకుండా టైపు కొడుతుంటే టీ గ్లాసు పక్కన పెట్టి, "ఏం సారూ, సాక్షి మొగం ఒక్కసారన్నా సూస్తివా? పొద్దస్తమానం మిషను మొగమే. పెండ్లి కూడా దాంతోనేనా?" అని ఎగతాళి చేసేది. మనుషుల ముఖాలు చూడడం నాకు ఆమె వల్లే అలవాటయింది.

తండ్రి లేని ఎనిమిదేళ్ల పాప కేసు ఒకటి వచ్చింది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని గూడూరు వెళ్లిపోతే, అమ్మమ్మ నాలుగేళ్లుగా పెంచుతోంది. ఇప్పుడు పాపను తనకు ఇప్పించమని తల్లి కోర్టుకెక్కింది. పాపను తన గదిలో విడిగా అడుగుతానన్నారు జడ్జిగారు. పిలుపు వచ్చేదాకా మునెమ్మ ఆ పిల్లను వరండాలో పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి గబగబా నా దగ్గరికి వచ్చింది.

"సారూ, ఆ బిడ్డ వణకతా ఉండాది. సెలవులకి గూడూరికి పోతే ఆ మారునాయన రూములో పెట్టి గడియ ఏసినాడంట. ఇంకోటి, అది అమ్మ అనేది ముసిలామెని. కన్నతల్లిని అక్కా అంటాది. జడ్జి దొర ఈ పక్క మనిషి కాదు, ఆయనకి తెలీదు. నువ్వు లోపలే ఉంటావు గదా, ఒక మాట సెప్పు."

"నేనెట్ల సెప్పేది మునెమ్మా? నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు."

"ఒక్క మాటే గదప్పా."

లోపల జడ్జిగారు మెల్లగానే అడిగారు. "ఎవరి దగ్గర ఉంటావమ్మా?"

పాప బల్ల అంచు పట్టుకుంది. "అమ్మ కాడ."

"భయం లేదుగా?"

"అమ్మ కాడైతే లేదు."

ఆయన తృప్తిగా తల ఊపి రాసుకోమన్నారు. నా వేళ్లు కదల్లేదు. తలుపు దగ్గర నిలబడ్డ మునెమ్మ నా మాట కోసం చూసి చూసి తనే లోపలికొచ్చింది. "దొరా, ఆ బిడ్డ అమ్మ అనేది..."

"నిన్నెవరడిగారు? బయటికి పో." ఆయన నా వైపు తిరిగారు. "పాప ఏమన్నది?"

"అమ్మ దగ్గర ఉంటానన్నది సార్."

"అంతేనా?"

పాప నా వైపే చూస్తోంది. "అంతే సార్," అన్నాను.

అమ్మమ్మ తరఫు వకీలు ఆ పూట రాలేదు. సాయంత్రానికల్లా ఉత్తర్వు అయిపోయింది. తల్లి వచ్చి చెయ్యి పట్టుకున్నాక గానీ పాపకు సంగతి అర్థం కాలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, వరండాలో కనిపించిన ప్రతి ఒక్కరితోనూ, "అమ్మ కాడ ఉంటానని సెప్పినా గదా, సెప్పినా గదా" అంటూనే ఉంది. వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించారు.

పిలవకుండా లోపలికొచ్చినందుకు మునెమ్మకు మెమో ఇచ్చి పుత్తూరుకు బదిలీ చేశారు. వెళ్లే ముందు, జరిగింది జరిగినట్టు రాసి ముసలామె వకీలుకు ఇవ్వమని నన్ను అడిగింది. రేపిస్తానన్నాను. ఆ తర్వాత ముసలామె వరండాలో కనబడితే వెనక వాకిట్లోంచి ఇంటికి పోయేవాణ్ణి. కొన్ని వారాలకు ఆమె రావడం మానేసింది.

మునెమ్మ ఆ ముసలామెకు చుట్టమనీ, అందుకే అడ్డు తగిలిందనీ చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది అబద్ధం. ఆ రోజుకు ముందు వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసి ఎరగరు. తెలిసీ నోరు మూసుకున్నవాణ్ణి నేను.

చాలా ఏళ్లకు పుత్తూరు బస్టాండులో మునెమ్మ కనబడింది. తిడుతుందని భయపడ్డాను. "ఆ బిడ్డ పేరు గుర్తుండాదా సారూ?" అని మాత్రం అడిగింది. కాగితాల నిండా మైనరు అనే కొట్టాను. గుర్తు లేదన్నాను.

"సుగుణ," అన్నది. "నా కాడ బొరుగులు తినింది."

ఇప్పుడు నేను బెంచి క్లర్కును. జడ్జి గదిలోకి పిల్లలెవరైనా వస్తే, లేచి నిలబడి జడ్జిగారి అనుమతి అడిగి, ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తావని ముందుగా అడుగుతాను. కొందరు టక్కున చెప్పేస్తారు. కొందరు ఏమీ చెప్పకుండా, వీడికి చెప్పొచ్చా అన్నట్టు నన్నే చూస్తారు. అప్పుడు వాళ్లను తొందరపెట్టను. తల దించుకోకుండా నిలబడి ఉంటాను.