ఎల్లారెడ్డి పప్పుచారు, కామారెడ్డి కంప్యూటర్

తొంభైల్లో కామారెడ్డి బస్టాండు వెనక ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఒకే కంప్యూటర్, దానికి మూడు తెరలు; ముగ్గురు ఒకేసారి రాసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి ఫ్లాపీల మీద తెచ్చుకున్న ఆపరేటింగ్ సిస్టం. అందులో ఫైళ్లను డిస్కు మీద దాచే కోడ్‌ను, వేగం పెరగాలని, నేనే తిరగరాశాను. ఆ గొప్ప వినని మనిషి సెంటర్‌లో లేడు.

ఒక శనివారం పరీక్ష పెట్టాం. లింగంపేట నుంచి వచ్చే పిల్ల జవాబు అచ్చు తీస్తే, దాని కింద, పక్క తెర మీద రాసిన అమ్మాయి జవాబులోని నాలుగు లైన్లు కూడా వచ్చాయి. సెంటర్ యజమాని మండిపడ్డాడు.

"కాపీ కొట్టినవ్. సర్టిఫికెట్ ఇయ్య, పో."

సోమవారం ఆ సర్టిఫికెట్ చూపిస్తేనే ఆమెకు ప్రెస్సులో టైపు ఉద్యోగం. లేకపోతే మళ్లీ ఇంట్లో తల్లి పక్కన బీడీలు చుట్టడమే.

"కాపీ కొట్టేదాన్నయితే సగం మాట కాడికెల్లి కొడుతనా సార్?" అంది పిల్ల.

నిజమే, ఆ లైన్లు మాట మధ్యలో మొదలయ్యాయి.

"సోమారం దాకా ఆగుండ్రి," అన్నాను.

"అయితే మీ కోడ్‌ల తప్పుందా మేడం?" అని అడిగింది పిల్ల.

"నా కోడ్‌ల తప్పుండది!"

ఆదివారం ఎల్లారెడ్డిలో మా ఇంట్లో అన్నానికి కూర్చున్నాం. నేనే పప్పుచారు గిన్నెలోకి వంచి తెచ్చాను. మొదటి ముద్దకే మా నాన్న ఆగిపోయాడు.

"గిదేంది, చారా పాయసమా?"

అమ్మ నెత్తి కొట్టుకుంది. "పక్కింటి ఖాలా మన గిన్నె ఎన్నడన్న వట్టిగ పంపిందా? అడుగున చక్కెర పోసి పంపింది. సూడకుంటనే చారు పోసినవ్. వచ్చిన గిన్నె ఖాళీదని నీకెవరు చెప్పిన్రు?"

మామూలుగా నాలుగు మాటలు తిరిగి అనేదాన్ని. ఆరోజు ఆ మాట నన్ను నా కోడ్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఫైలు రాయడానికి నా కోడ్ మెమరీలో ఒక ముక్క అడుగుతుంది. అంతకు ముందు వాడినవారి అక్షరాలు అందులో అలాగే ఉంటాయి. ఆ పిల్ల చిన్న జవాబు పైభాగంలో పెట్టి, మిగతాది తుడవకుండా మొత్తం ముక్కను డిస్కుకు పంపించాను. అడుగున చక్కెరతో సహా!

"అవ్వా, నువ్వు బంగారం!" అని అమ్మతో అరిచాను.

"ఎండ తగిలింది దీనికి," అన్నాడు నాన్న.

సోమవారం మొదటి బస్సుకే కామారెడ్డిలో దిగాను. అడిగి తెచ్చుకున్న ముక్కను ముందుగా సున్నాలతో నింపేలా రెండు లైన్లు చేర్చాను. యజమాని ఎదుట పాత కోడ్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి, ఒక తెర మీద పెద్ద జవాబు, ఇంకో తెర మీద చిన్నది రాయించి, చిన్నదాన్ని అచ్చు తీశాను. మొదటిసారి దాని కింద పెద్ద జవాబులోని లైన్లు వచ్చాయి; రెండోసారి కాగితం తెల్లగా ఉంది.

"అయితే తప్పెవరిది?" అన్నాడు ఆయన, సర్టిఫికెట్ మీద సంతకం చేస్తూ.

"నాదే."

లింగంపేట పిల్ల చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఇంకోసారి అనుండ్రి మేడం, మంచిగ వినబడలే."

మూడు తెరల ముందున్నవాళ్లందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. నవ్వుకుంటూ, సర్టిఫికెట్ ఊపుకుంటూ ఆ పిల్ల ప్రెస్సుకు పరుగు తీసింది.