నాకన్నా ముందే వెళ్లిపోయిన నా ప్రయాణం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది మనిషికి తన మీద తనకు ఎంత జాలి ఉంటుందో, అంత జాలి ఇక జన్మలో మళ్లీ కలగదు. ఆ రోజుల్లో బెంగళూరు మొత్తానికి నా అంత అలసిపోయిన ప్రాణి ఇంకొకటి లేదని గట్టిగా నమ్మేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కాల్ సెంటర్లో పని. రోజుకు తొమ్మిది గంటలు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, చెడిపోయిన వాషింగ్ మెషీన్ల యజమానుల చేత తిట్లు తింటూ, "సారీ సర్, మీ ఇబ్బంది నాకు అర్థమైంది సర్" అంటూ ఉండాలి. (ఏమీ అర్థమయ్యేది కాదు. మా ఇంట్లో వాషింగ్ మెషీనే లేదు.) అక్కణ్ణుంచి బస్సులు మారి కె.ఆర్.పురం చేరితే, స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. రెండు గదులు, ఏడుగురు మనుషులు, ఒక టీవీ, గోడ పక్కనే రైళ్లు. పుట్టింది మొదలు ఒక్క గంట కూడా నేను ఒంటరిగా కూర్చోలేదు. స్నానానికి వెళ్లినా తలుపు తట్టి, "ఏమ్మా, నిన్న సీరియల్లో ఆ పిల్ల బతికిందా?" అని అడిగే ఇల్లు మాది.

అందుకే ఆఫీసులో నా పక్క సీటు పిల్ల ఫోన్లో ఆ ఫొటో చూపించగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లది గుంటూరు. తలస్నానానికి కూడా పట్టిక వేసుకునే రకం కనుక అందరం 'ఎక్సెల్' అని పిలిచేవాళ్లం. ఫొటోలో కావేరి మధ్య చిన్న లంక. కాసిని మద్దిచెట్లు, రాళ్లు, ఇసుక, అంతే. "హోటల్ లేదు, గుడి లేదు, నెట్‌వర్క్ కూడా రాదంటే. ఫుల్ సైలెన్స్! పుట్టిలో దాటాలి. ఎవరికీ చెప్పమాక, చెప్పావంటే నెక్స్ట్ వీక్ కల్లా క్రౌడ్ అయిపోద్ది," అంది. వారం రోజులు భోజనాల వేళ తలకాయలు దగ్గర పెట్టుకుని ప్లాన్ వేశాం. ఆదివారం ఆరింటికి బయల్దేరడం, పదింటికి ఆ పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కడం. పది నుంచి నాలుగు దాకా ఉన్న గళ్లన్నింటికీ ఆకుపచ్చ రంగు వేసి, ఎక్సెల్ ఒకటే మాట రాసింది: 'మాట్లాడకూడదు'. మంచినీళ్లు కావాలన్నా చేత్తోనే సైగ చెయ్యాలి. ఆ ఆకుపచ్చ గళ్లను నేను బస్సులో తీసి తీసి చూసుకునేదాన్ని.

ఇంట్లో మాత్రం చెప్పక తప్పలేదు. చెప్పానో లేదో, మా అవ్వ తమలపాకుకు సున్నం రాస్తున్నదల్లా ఆగిపోయింది. "ఆదివారమా? పడమర దిక్కుకా? శూల ఉండాది గదమ్మా!" అంది. ఆదివారం పడమటికి బయల్దేరితే వారశూల అట. మైసూరు రోడ్డు మీద ఆదివారాలు వేల బండ్లు పోతాయనీ, వాటన్నిటికీ లేని శూల నా ఒక్కదానికే ఎందుకనీ వాదించాను. "వాళ్లకు అవ్వలు లేరేమో," అంది అవ్వ. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే, "అవ్వ చెప్పినట్ల చేసేయమ్మా, అందరికీ నిమ్మది," అన్నాడు. విరుగుడు కూడా అవ్వే చెప్పింది, ప్రస్థానం పెట్టమని. తెలియనివాళ్లకు చెబుతాను. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో మన సంచిని ఇంకొకరింట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మర్నాడు మనం ఉత్త చేతులతో వెళ్లి, సంచి తీసుకుని, అటునుంచి అటే పోవాలి. సంచి మళ్లీ మన గడప తొక్కకూడదు.

శనివారం పొద్దున రాహుకాలం రాకముందే అవ్వా నేనూ సంచి పట్టుకుని ఎదురింటికి వెళ్లాం. ఆ ఇంటావిడ మాకు చుట్టమేమీ కాదు, మా సందులో అమ్మ వయసున్న ఆడవాళ్లందరూ అత్తలే. ఎదురింటి అత్త సంచికి కుంకుమ పెట్టి, "ఎక్కడికి పోతాది ఇది?" అని అడిగింది. నేను అవ్వ చెయ్యి గిల్లాను. అవ్వ నా వైపు చిరాగ్గా చూసి, "దోవ చెప్పకుండా పెడితే పరస్తానం ఎట్లయితాది?" అని, ముందురోజు నా తల మీద ఒట్టు పెట్టించుకుని నాతో చెప్పించుకున్న ఆ లంక పేరు, పుట్టి ఎక్కే రేవుతో సహా, గడపలో నిలబడి సందంతా వినిపించేలా చెప్పింది. "అవునా! అంత బాగుండాదా?" అంది అత్త. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఆకుపచ్చ గళ్లు తలుచుకుంటూ ఆఫీసుకు పోయాను.

ఆదివారం తెల్లవారి సంచి కోసం వెళితే ఎదురింటికి తాళం! కప్పంత తాళం! ఫోన్ చేస్తే అవతల పాటలు, చప్పట్లు, వాటి మధ్య అత్త గొంతు. "ఏమ్మా, లేసినావా? మీ అవ్వ చెప్తానే మావాళ్లందరికీ ఆశ పుట్టిందప్పా. టెంపో మాట్లాడుకోని నాలుగింటికే బయల్దేరినాం. నీ సంచి భద్రంగా ఉండాది, కిటికీ పక్క సీట్లో పెట్టినాం." నా సంచికి కిటికీ సీటు! నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ప్రయాణం మానేస్తున్నానంటే అవ్వ ఒప్పుకోలేదు. "నీ ప్రయాణం ఎప్పుడో పోయింది గదమ్మా. దాని వెనక నువ్వు పోకుంటే ఎట్ల?" అంది. ఉత్త చేతులతోనే బయల్దేరాను. బస్టాండులో ఎక్సెల్‌కు సంగతి చెప్పి, "ప్లాన్ బి ఏమీ లేదా?" అని అడిగాను. పాపం ఆ పిల్ల కాగితం తిరగేసి చూసి, "ప్లాన్ బిలో రెయిన్ ఒక్కటే రాశానే," అంది. బస్సులో ఉన్నంతసేపూ నేను పళ్లు కొరుకుతూనే ఉన్నాను. నిశ్శబ్దం సంగతి మరిచిపోయాను, ఇప్పుడు పోతున్నది జగడానికే.

పుట్టి నది మధ్యకు వచ్చేసరికే లంక వినిపించింది. దిగి చూస్తే పద్దెనిమిది మంది. అత్త, ఆమె చెల్లెళ్లు, మరుదులు, పిల్లలు, స్పీకరు, షటిల్ బ్యాట్లు, తప్పెలెడు చిత్రాన్నం. మద్దికొమ్మకు నా సంచి, కుంకుమ బొట్టుతో. "అదో, వచ్చేసింది! రామ్మా, తిండి తిందువు," అని అత్త ఎంతో ప్రేమగా చెయ్యి ఊపింది. ఆ ప్రేమ చూసేసరికి నాలో ఏదో తెగిపోయింది.

"మీకు బుద్ధుండాదా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఒక్క దినం! దేవుణ్ణి ఒక్క దినం అడిగినా! పొద్దస్తమానం ఎవురెవురితోనో తిట్లు తిని సారీ చెప్తా ఉండా, ఇంటికొస్తే టీవీ, రైలు, మీరు! నాకేం కావల్లని ఇంతవరకు ఒక్కరన్నా అడిగినారా? సుమ్మనే, ఊరికే కూసోడానికి కావేరి నడుమకు వస్తే, ఈడికీ వస్తారా? నాకంటే ముందొస్తారా? నా సంచి పట్టుకోని వస్తారా?" ఇంకా చాలా అన్నాను. వాషింగ్ మెషీన్ల వాళ్లను అనాల్సినవి కూడా అక్కడే అనేశాను. పుట్టి తోలిన పెద్దాయన తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయి, ఇరవై ఏళ్లలో ఈ లంకలో ఇంత గలాటె వినలేదని కన్నడంలో అన్నాడు.

అంతే, అందరి నోళ్లూ మూతపడ్డాయి. ఎవరో స్పీకరు కట్టేశారు. పిల్లలు బ్యాట్లు కింద పెట్టేశారు. అత్త ఒక్క మాట కూడా అనకుండా ఆకులో చిత్రాన్నం పెట్టి నా ముందుంచి, దూరంగా వెళ్లి రాయి మీద కూర్చుంది. అందరూ తలలు వంచుకుని, నమిలిన చప్పుడు కూడా రాకుండా తింటున్నారు. అప్పుడు వినిపించింది నది. రాళ్ల మధ్య నీళ్లు, పైన మద్దాకులు, ఎక్కడో ఒక పిట్ట. బుద్ధెరిగాక నేను మొదటిసారి విన్న నిశ్శబ్దం అది. ఎక్సెల్ అయితే వాచీ చూసుకుని, కాగితం తీసి, సంతోషంగా మొదటి ఆకుపచ్చ గడికి టిక్కు పెట్టింది.

నేను పది నిమిషాలు ఓర్చుకున్నాను. అత్త చీర కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆకు పక్కకు జరిపాను. ఇంతటి నిశ్శబ్దం నాకు చేతకాదని అప్పుడు తెలిసింది. "ఎవరన్నా ఏమన్నా మాట్లాడండప్పా!" అని అరిచాను.

ఒక్కసారిగా పద్దెనిమిది మందీ మొదలుపెట్టారు. అందరికన్నా ముందు అత్తే. "ఇంత గొంతు పెట్టుకోని ఫోనులో సారీలు చెప్తా ఉండావా, పిచ్చిదానా? మాకు ముందే చెప్తే నీకు వేరే లంక చూస్తుంటిమి గదా!" అంటూ ఇంకో గరిటెడు వడ్డించింది. సాయంత్రం అదే టెంపోలో, మరుదుల పాటలు వింటూ ఇంటికొచ్చాను. ఇద్దరు పిల్లలు నా ఒళ్లో నిద్రపోయారు.

ఆనాటి ఆ ఇరవై మూడేళ్ల పిల్ల మీద, అంటే నా మీదే, నాకు ఇప్పటికీ కోపమే. ఏడుగురి ఇంట్లో పెరిగి, అంత అరిచి, అంత రభస చేసి, చివరికి పది నిమిషాలు సంపాదించిందే, కళ్లు మూసుకుని హాయిగా కూర్చోవచ్చు కదా! ఈ మధ్య సెలవు రోజుల్లో నాకు కావలసినంత తీరిక దొరుకుతోంది, గంటల తరబడి ఎవరూ పలకరించరు. అలాంటప్పుడు ఆమె గుర్తొస్తుంది. పిలవకుండా వచ్చిన పద్దెనిమిది మందిని ముందు నోరు ముయ్యమని తిట్టి, వెంటనే మాట్లాడమని బతిమాలిన ఆ తిక్కపిల్లను ఏం చెయ్యాలో తెలియదు. కోప్పడదామని మొదలుపెడతాను, నవ్వొచ్చేస్తుంది.