ఐదు డిగ్రీలు

కోడేరు దగ్గరి ఒక ఊరి బడిలో లెక్కలు చెప్పే సాంసన్ సార్ బోర్డు మీద వృత్తాన్ని ముక్కలుగా పంచి చూపే ‘పై చార్టు’ గీస్తున్నాడంటే వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైపోతుంది. సుద్దముక్కకు దారం కట్టి, రెండో కొసను బొటనవేలితో బోర్డుకు అదిమి, ఒక్క చుట్టులో వృత్తం తిప్పేస్తాడు. మీసాల మీద పడ్డ సుద్దపొడిని తుడుచుకోడు. చిన్నప్పుడు తనకు లెక్కలు చెప్పిన చిన్నయ్య సార్ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ఆ రోజుల్లో తమ వాడలో ఎవరు ఏ పని చేస్తారో ఆ సార్ గీస్తే, వలసపోయినవాళ్ల ముక్క సగం దాటేది. అందులో సాంసన్ అమ్మానాన్నలూ ఉండేవారు. హాస్టల్లో ఉండి చదువుకునే అతను గంట కొట్టినా లేవకుండా ఆ ముక్కకేసే చూస్తూ కూర్చునేవాడు.

మొన్న తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన పనుల లెక్కలో డెబ్బైరెండు ఇళ్లున్నాయి. ఇంటికి ఐదు డిగ్రీల చొప్పున కోణమానితో కొలిచి గీశాడు. వలస ముక్క నలభై డిగ్రీలకు తగ్గేసరికి ఆయన ముఖం వెలిగింది. అప్పుడు నిరోష లేచి నిలబడింది. "సార్, మమ్ముల ఎవుసంల వెట్టిర్రు. మా అమ్మ, నాయిన మొన్ననే పుణె పోయిర్రు."

"ఐదు డిగ్రీలే గదా, ఉండనీ సార్," అన్నాడు పక్క వరుసలోంచి అరుణ్.

"ఐదు డిగ్రీలంటే ఒక ఇల్లు బిడ్డా," అంటూ సార్ వ్యవసాయానికీ వలసకూ మధ్యనున్న గీతను అరచేత్తో చెరిపాడు. సుద్దముక్క నిరోష చేతికిచ్చి, ఆమె కొత్త గీత గీసేదాకా కోణమాని కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.