బొటనవేలంత తక్కువ

తాడేపల్లిగూడెంలో బాలాత్రిపురసుందరిగారు చేతుల సంగతి తెలుసుకోకుండా కాగితం కోయరు. ఊళ్ళో సగం మందికి తెలిసిన విషయమే ఇది. తెలియని సగంలోంచి రోజుకొకరైనా వచ్చి ఇరుక్కుంటూనే ఉంటారు.

ఆవిడ భర్త నాగేశ్వరరావుగారిది పుస్తకాల కొట్టు. ముందుగది నిండా లాంగ్ నోట్‌బుక్కుల కట్టలుంటాయి. వెనక వసారాలో ఆవిడ చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తారు. కార్డు కోసం వచ్చిన మనిషి రంగు గురించో, పూల గురించో చెప్పబోతాడు. ఆవిడ స్టీలు స్కేలు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, సాక్షిని బోనెక్కించిన ప్లీడరులా ఒకే ప్రశ్న వేస్తారు.

"పుచ్చుకునేవారి చేతులు ఎలా ఉంటాయండీ?"

కంటికి నచ్చిందని కార్డు కొంటారు గానీ అది బతకాల్సింది చేతిలో అని ఆవిడ సిద్ధాంతం. దీనికి ముప్ఫై ఏళ్ళుగా సవరణ లేదు. కాబోయే భార్యకి పుట్టినరోజు కార్డు కావాలని ఒక ఇంజనీరు వచ్చాడు. చేతులు ఎలా ఉంటాయో సరిగ్గా చూడలేదండీ అన్నాడు. మరి నిశ్చితార్థంలో ఉంగరం ఎక్కడ తొడిగావు నాయనా అని ఆవిడ అడిగారు. కుర్రాడు భీమవరం వెళ్ళి, వారం తరవాత తిరిగొచ్చి, అరచేతులు కొంచెం చెమరుస్తాయండీ అని తల వంచుకుని చెప్పాడు. నున్నటి ఆర్ట్ కార్డు అయితే మరకలు పడతాయని, గరుకైన హ్యాండ్‌మేడ్ కాగితం కోసి ఇచ్చారు. ఆ పెళ్ళి జరిగింది. కాగితం వల్లే జరిగిందని ఆవిడ అనరు. కాదని కూడా అనరు.

ఈ కీర్తి ఆ నోటా ఈ నోటా పెంటపాడు చేరేసరికి కొంచెం రూపు మారింది. అక్కణ్ణించి ఒకాయన అరచెయ్యి చాపుకుని వచ్చి, మా అమ్మాయి పెళ్ళి ఎప్పుడో సెలవియ్యండి అన్నాడు. ఆవిడ ఆ చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ముహూర్తం సంగతి తనకి తెలియదనీ, శుభలేఖలు మాత్రం నున్నటి కాగితం మీద వేయించవద్దనీ, ఈ వేళ్ళలోంచి జారిపోతాయనీ చెప్పారు. ఆయన దాన్ని శుభసూచకంగానే తీసుకుని, అరటిపళ్ళు పెట్టి వెళ్ళాడు.

కోడలు ఉషశ్రీది జంగారెడ్డిగూడెం. వట్లూరులో ఎంబీఏ చదివింది. అత్తగారంటే ప్రాణమే గానీ, కస్టమరుని ఎదురు ప్రశ్నలతో వేధించే పద్ధతి తను చదివిన ఏ పాఠంలోనూ లేదు. ఈ కార్డుల పనిని వసారాలోంచి ముందుగదిలోకి తేవాలని ఆమె కోరిక. రోడ్డు మీదికి కనిపించే అద్దాల అల్మరా, మంచి లైట్లు, గోడమీద అత్తగారి పేరు. మావగారు నాలుగు రోజులు ఆలోచించి షరతు పెట్టారు. ఒక్క పెద్ద ఆర్డరు, ఒక్క ఫిర్యాదు కూడా లేకుండా పూర్తిచేసి చూపించాలి. అలా చేస్తే నోట్‌బుక్కులు లోపలికి వెళతాయి. చెయ్యకపోతే ముందుగది మాట మళ్ళీ ఎత్తకూడదు.

ఫిబ్రవరి నెలాఖరులో ఆ ఆర్డరు వచ్చింది. ఆకివీడు దగ్గర రొయ్యల ప్యాకింగు కంపెనీ, మహిళా దినోత్సవం, రెండువందల మంది ఆడవాళ్ళు. మేనేజరు ఫణికిరణ్ స్వయంగా వచ్చి, పల్చటి గులాబీరంగు కాగితం, అందులో బంగారు తళుకులు ఉన్నది ఎంచుకున్నాడు. ఉషశ్రీ ఆర్డరు రాసుకుంటుండగా వసారాలోంచి ఆ ప్రశ్న వినిపించింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"రెండువందల మందికి నాలుగువందల చేతులండీ," అన్నాడు ఫణికిరణ్ నవ్వుతూ. "ఏమని చెప్పమంటారు?"

"చెప్పలేకపోతే నేనే వచ్చి చూస్తానండి," అన్నారావిడ.

అతను వేళాకోళం అనుకున్నాడు. మర్నాడు ఆవిడ గణపవరం మీదుగా బస్సెక్కి ఆకివీడు వెళ్ళారు. కంపెనీ షెడ్డులో ఆవిడ చేసిన తనిఖీ గురించి తరవాత చాలాకాలం చెప్పుకున్నారు. గ్లవుజులు తీయించారు. ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని, వేళ్ళు మడిచి, బొటనవేలు కొలిచి, చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు. కొందరు ఆరోగ్యశాఖ అనుకున్నారు. కనకమ్మ అనే ఆవిడ మాత్రం ఆశగా, నా చేతిలో ఏముందండీ అమ్మగారూ అని అడిగింది. ఐసు ఉంది అన్నారట త్రిపురసుందరిగారు. ఒక కార్డు ఇస్తాను, నీకనే చేసి ఇస్తాను అని కూడా అన్నారట. ఈ రెండోమాట అప్పట్లో ఉషశ్రీకి తెలియదు.

ఇంటికొచ్చి ఆవిడ మొదట చేసిన పని గులాబీ కాగితాన్ని రద్దు చెయ్యడం. నీళ్ళచేతికి అది పది నిమిషాలు నిలవదన్నారు. భర్త అల్మరాలోంచి వెనక గుడ్డ అంటించిన దళసరి కాగితం తీశారు, ఆఫీసుల్లో రికార్డుల కవర్లకి వాడేది. రంగు పాతబెల్లం రంగు. మహిళా దినోత్సవానికి కోర్టు సమనుల్లాంటి కార్డులు పంపుతున్నామనుకుంది ఉషశ్రీ. ఫణికిరణ్‌కి ఫోను చేసి, తడికి తట్టుకునే రకమండీ అని నచ్చచెప్పి, అంచులకి గులాబీరంగు వేయిస్తామని మాటిచ్చి, ఎలాగో ఒప్పించింది.

ఆవిడ ప్రతి కాగితాన్నీ రెండువైపులా వంచి, తేలిగ్గా వంగే వైపే మడత పెట్టారు. చెంచా వెనకభాగంతో మడతని రుద్ది, అంచులకి గులాబీరంగు అద్దారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వారం రోజులు వసారాలోంచి కత్తి చప్పుడు వస్తూనే ఉంది.

ఏడో తారీకు సాయంత్రం పెట్టెలో సర్దుతూ ఉషశ్రీ చూసింది. పైనున్న కార్డులో ముందు పేజీ వెనక పేజీకి సరిపోలేదు. బొటనవేలంత తక్కువ. రెండోది తీసింది, అదీ అంతే. మొత్తం రెండువందలూ అంతే. ఇవి చాలవన్నట్టు అడుగున ఒక ఆరు కార్డులకి మడత కుడివైపు వచ్చింది. అవి వెనకనుంచి తెరుచుకుంటున్నాయి.

అత్తగారి కళ్ళకి ఏదో అయిందని ఉషశ్రీ భయపడింది. నెమ్మదిగా, అత్తయ్యగారూ, కొలత కొంచెం తేడా వచ్చిందేమోనండీ అంది.

"నేను చేతులు చూశాను కదమ్మా," అన్నారావిడ, అంతటితో అనుమానాలన్నీ తీరిపోవాలన్నట్టు. తరవాత కాఫీ అడిగారు.

తిరిగి కోయడానికి సమయం లేదు. కాగితమూ లేదు. మర్నాడు పొద్దున్నే ఉషశ్రీ పెట్టె పట్టుకుని ఆకివీడు వెళ్ళింది. దారిపొడుగునా చేపల చెరువులు, ఐసు లారీలు, మధ్యలో కనబడకుండా పోతున్న ముందుగది.

ఫణికిరణ్ ఒక కార్డు తీసి చూశాడు. రెండోది చూశాడు. మూడోది అడుగునున్న ఆరింట్లో ఒకటి. గోదావరి జిల్లా మనిషి కనక గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించాడు. అదే మరీ భయంగా ఉంది.

"మేడమ్ గారూ, ఇవి కోసిందెవరండీ?"

ఉషశ్రీకి ఆ క్షణంలో వసారా కనిపించింది, స్కేలు మీదికి వంగిన తెల్లటి జుట్టు కనిపించింది.

"నేనేనండీ," అంది.

కార్డులు పంచవద్దు, మిఠాయి పొట్లాలు చాలు అని చెప్పి అతను పెట్టెని బల్లమీద పక్కకి నెట్టాడు. సభ పదింటికి అనుకున్నారు గానీ అప్పుడే రెండు లారీల సరుకు దిగింది. రొయ్య సభలకోసం ఆగదు. ఆడవాళ్ళు పనిలోనే ఉండిపోయారు. మధ్యలో కనకమ్మ, కుడిచేత్తో రొయ్యల ట్రే నడుముకి ఆనించుకుని వెళుతూ, పెట్టె దగ్గర ఆగింది.

"ఆ అమ్మగారి కార్డులేనా అండీ ఇవి?"

జవాబు కోసం చూడకుండా, నీళ్ళు కారుతున్న ఎడమచెయ్యి పెట్టెలో పెట్టింది. పైన ఉన్నవి పక్కకి తోసి, అడుగున మడత కుడివైపున్న ఆరు కార్డులు ఏరి తీసింది. లోపలి మూలల్లో పెన్సిలుతో సన్నగా పేర్లున్నాయి. ముందురోజు సర్దేటప్పుడు ఉషశ్రీ వాటిని కొలత గుర్తులనుకుంది. కనకమ్మ తన పేరున్నది పట్టుకుంది. ముందు పేజీ తక్కువైన చోట బొటనవేలు ఆనింది. ఒక్క తోపుకి కార్డు తెరుచుకుంది. ట్రే కిందపెట్టలేదు. చెయ్యి తుడుచుకోలేదు.

ఆమె చదువుకుంది. మళ్ళీ మూసి, మళ్ళీ బొటనవేలితో తెరిచింది.

"కిందటేడు ఇచ్చింది పళ్ళతో లాగితే రెండుముక్కలైందండీ," అంది. "ఐసులో పెట్టిన వేళ్ళకి అంచు అందదు కదండీ. మరి నాది ఎడమచేతి వాటం. ఇక్కడ కత్తి కూడా నాకు తగ్గట్టు లేదు. ఈ కార్డొక్కటే నావైపు తిరిగి ఉందండి."

ఆరుగురు ఎడమచేతి వాటం వాళ్ళు షెడ్డులో ఉన్నట్టు ఫణికిరణ్‌కి నాలుగేళ్ళలో తెలియదు. ఆ తరవాత ఎవరూ అతని అనుమతి అడగలేదు. పావుగంటలో పెట్టె ఖాళీ. షెడ్డు పొడుగునా బొటనవేళ్ళు కార్డులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. ఉషశ్రీ అంతకుముందు రోజే సంజాయిషీ రాసి పెట్టుకున్న కాగితాన్ని సంచిలో ఇంకా లోపలికి తోసింది. ఆమెకి మెడ కొంచెం నిటారుగా అనిపించింది. దాన్ని గర్వం అంటారు.

సాయంత్రం కొట్లో మావగారు ఆర్డరు గురించి విచారణ మొదలుపెట్టారు. ఫిర్యాదు ఏమైనా వచ్చిందా అని అడిగారు.

"ఒకటి వచ్చిందండీ మావయ్యగారూ. ఐసు మోసే మగవాళ్ళు, లారీ డ్రైవర్లు, మాకెందుకు చెయ్యలేదని అడిగారండి. సంక్రాంతికి వాళ్ళకీ కావాలన్నారు."

ఇది ఫిర్యాదు కిందికి వస్తుందా రాదా అని నాగేశ్వరరావుగారు చాలాసేపు ఆలోచించారు. తరవాత లేచి, పంచె బిగించి, లాంగ్ నోట్‌బుక్కుల కట్ట ఒకటి భుజాన పెట్టుకుని, ఎక్కడ పెట్టమంటావమ్మా అని అడిగారు.

వసారాలో త్రిపురసుందరిగారు ఎవరి చేతులకో కార్డు కోస్తున్నారు. ఉషశ్రీ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. తప్పు తనదేనని చెప్పిన సంగతి కూడా దాచలేదు. ముందే ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదండీ అని నిష్ఠూరమాడింది.

"చెప్పడానికేముందే, తెరిస్తే తెలుస్తుంది కదా," అన్నారావిడ స్కేలు సర్దుతూ. "సరే, తిట్టినప్పుడు నువ్వు కోశానన్నావు. మెచ్చుకున్నప్పుడో?"

"మేనేజరు మెచ్చుకున్నప్పుడు మీ పేరే చెప్పానండీ అత్తయ్యగారూ."

"నమ్మాడా?"

"లేదండీ. అత్తగారంటే మీకెంత గౌరవమండీ అన్నాడు."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. భుజాలు కదిలాయి, స్కేలు జరిగింది, చేతిలో కాగితం మూలకి వంకరగా తెగింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ నిజంగా తప్పు కోసింది ఇదొక్కటే. దాన్ని కోడలి మీదికి నెట్టారు.